కథకు ముందు సూది

మా చెల్లెలు శ్రీవల్లి ఈ నెల నుంచి రెండు పూటలా బడికి వెళ్తోంది. సాయంత్రం ఇంటికి వచ్చి, పుస్తకాల సంచి గోడకు చేర్చి, చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూర్చుని కాసేపు కళ్ళు మూసుకుంటుంది. తరువాత లేచి ఆకలి అంటుంది. ఏడాది పాటు ఆ పిల్ల తిన్న ప్రతి ముద్దనూ, వేసిన ప్రతి అడుగునూ కనిపెట్టుకుని బతికిన ఇల్లు మాది. ఇప్పుడు అలా కనిపెట్టడం మానాలని ప్రయత్నిస్తున్నాం. నాకు ఇంకా చేతకావడం లేదు. రాస్తే చేతనవుతుందేమోనని ఈ వ్యాసం రాస్తున్నాను. పిల్లల చేత పాడించే, ఆడించే, కథలు చెప్పించే ఇళ్ళు ఈ గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నాయి కనుక, వారికి ముందుగా చెప్పినట్టూ ఉంటుందని రాస్తున్నాను.

మాది రామచంద్రపురం దగ్గర పల్లె. నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు, హార్మోనియం వాయిస్తారు. తాతగారు హరికథలు చెప్పేవారు. ఆయన పోయాక పెట్టెలో మిగిలిన గజ్జెలనూ చిడతలనూ ఎనిమిదేళ్ళ శ్రీవల్లి తనంతట తానే బయటికి తీసింది. ఎవరూ బలవంతపెట్టలేదు. ఈ వాక్యాన్ని నేను చాలా చోట్ల చెప్పాను. మా డిగ్రీ కాలేజీలో, పిల్లలు రంగస్థలం ఎక్కవచ్చునా కూడదా అన్న చర్చ పెట్టినప్పుడు, ఎక్కవచ్చు అనే పక్షాన నిలబడి మా చెల్లెలినే సాక్ష్యంగా చూపించాను. ఎదుటి పక్షం అమ్మాయి, "ఆ పాపకు ఒంట్లో బాగా లేని రోజున ఏం చేస్తారు?" అని అడిగింది. "ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటారు" అన్నాను. చప్పట్లు కొట్టారు. కప్పు ఇంటికి తెచ్చి అలమారలో పెట్టాను. ఆ జవాబులో జవాబంటూ ఏదీ లేదని ఆ రోజు నాకు గాని, చప్పట్లు కొట్టినవారికి గాని తట్టలేదు.

కిందటి ఏడాది వినాయక చవితి పందిళ్ళతో ఇదంతా మొదలైంది. శ్రీవల్లికి అప్పటికి పదేళ్ళు. హరికథల ఇంట్లో తాతగారి నాటి నియమాలు రెండు ఉండేవి. తాంబూలం పుచ్చుకుని ఒప్పుకున్న కథకు వెళ్ళక తప్పదు. గజ్జె కట్టి మొదలుపెట్టిన కథను మంగళం పాడకుండా మధ్యలో ఆపకూడదు. ఆ చవితికి నాన్నగారు వరుసగా తొమ్మిది ఊళ్ళ తాంబూలాలు పుచ్చుకున్నారు. మూడో ఊరికే చెల్లెలి గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం, కరక్కాయ ముక్క, పటికబెల్లం అన్నీ అయ్యాయి. మాట రాలేదు. అప్పుడు ఆ పందిరి కమిటీ పెద్దమనిషి, అక్కడే ఉన్న ఒక డాక్టరు గారి దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళారు.

"పొద్దున్న ఇంజక్షన్ చేస్తే సాయంత్రానికి పాప గొంతు గంటలా మోగుతుందండి. చూస్తారుగా" అన్నాడు డాక్టరు.

మోగింది. ఆ సాయంత్రం ఆ పిల్ల పై స్థాయిలో నిలిపిన స్వరానికి పందిరంతా కదలకుండా కూర్చుంది. నాన్నగారి కళ్ళు తడిశాయి. ఆ తరువాత గొంతు కాస్త జీరపోయినా, ఏ ఊరికి వెళ్తే ఆ ఊళ్ళో, అక్కడి డాక్టరో కాంపౌండరో ఎవరుంటే వారి చేత ఇంజక్షన్ చేయించడం మాకు అలవాటైంది. హార్మోనియం శ్రుతి చూసుకున్నట్టు, పావడా కుచ్చెళ్ళు సర్దినట్టు, అదీ కథకు ముందు చేయవలసిన పనుల్లో ఒకటిగా కలిసిపోయింది. ఒక ఊళ్ళో వేసింది ఇంకో ఊరివారికి తెలియదు. తెలిసినవాళ్ళం మేమే. మాకు దాని పేరు తెలియదు.

ఒక ఊళ్ళో సూది వేస్తున్నాయనను నేను ఒక్కసారి అడిగాను. అది ఏ మందండీ అని. "గొంతు వాపు తీస్తుందమ్మా" అన్నారు. చర్చల్లో ఎదుటివారి జవాబు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే రెండో ప్రశ్న వేయాలని మా లెక్చరరు గారు నేర్పారు. మళ్ళీ మళ్ళీ వేస్తే ఏమవుతుందన్నది ఆ రెండో ప్రశ్న. అది నా నాలుక చివరి దాకా వచ్చింది. సాయంత్రం కథ ఉంది, జనం వస్తారు, గొంతు రావాలి. చెల్లెలి చేయి పట్టుకుని, అటు చూడకు, నన్ను చూడు అన్నాను. అడగలేదు.

దసరా నాటికి ఆ పిల్ల బుగ్గలు నిండాయి. గడ్డం కింద గుండ్రంగా వచ్చింది. నాలుగు ఇడ్లీలు తినే పిల్ల ఎనిమిది తినసాగింది. ఇంటి గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతిసారీ అమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచేది. "వేదిక మీద చంద్రబింబం పెట్టినట్టుందండీ మీ పాప" అని జనం అనేవారు. అవును, గుండ్రంగా ఉంది. ఆ గుండ్రతనం ఆరోగ్యమని మేము నమ్మాం. ముఖానికి రంగు వేసే పని నాదే కనుక, చేతికి మెత్తగా, ఉబ్బుగా తగిలిన ఆ బుగ్గలు అందరికన్నా ముందు నాకే తెలిశాయి. రంగు ఇప్పుడు చక్కగా పరుచుకుంటోందని మురిశాను.

కార్తీకంలో కథలు అయిపోయాయి. కథలతో పాటు సూదులూ ఆగిపోయాయి. వారం తిరిగేసరికి శ్రీవల్లి మంచం దిగడానికి ఓపిక లేదంటోంది. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే ఉండిపోయేది. పొద్దున్నే వాంతి. లేచి నిలబడితే గోడ పట్టుకునేది. మూడు నెలల అలసట తీరుతోందని అమ్మ అనుకుంది. నాన్నగారు, "సన్మానాలు అయ్యేసరికి అమ్మాయిగారికి బడి బరువైందా?" అని నవ్వుతూ ఎత్తిపొడిచారు. ఆ పిల్ల నవ్వలేదు. ఒక ఉదయం కాస్త జ్వరంతోనే బడికి వెళ్ళి, ప్రార్థన వరసలో నిలబడినది నిలబడినట్టే పడిపోయింది.

ఊరి దగ్గరి నర్సింగ్ హోంలో సెలైన్ పెట్టారు. కొంచెం కళ్ళు తెరిచింది. కామెర్లేమో అన్నారు, టైఫాయిడేమో అన్నారు, రక్తం తీశారు. రెండూ కావని తేలాక అక్కడి చిన్న డాక్టరు ఒకాయన నన్ను పక్కకు పిలిచి, స్టేజి మీద ఏడవడం, మూర్ఛపోవడం వచ్చిన పిల్ల కదా, బడి ఎగ్గొట్టడానికి చేస్తోందేమో చూసుకోండి అన్నాడు. నాకు కోపం రావలసింది. కాని ఆ రోజంతా నేను చెల్లెలి ముఖంలోకి అనుమానంగా చూస్తూ కూర్చున్నాను. ఆమె నిజంగా బాధపడుతోందా, నటిస్తోందా అని. ఇది రాయడానికి నాకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది.

మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడుకుని మండపేట మీదుగా రాజమండ్రి తీసుకెళ్ళాం. గోదావరి గట్టుకు దగ్గరి వీధిలో పిల్లల డాక్టరు సుగుణమ్మ గారి ఆసుపత్రి. వరండా నిండా జనం. మా నంబరు చాలా వెనక. శ్రీవల్లి కూర్చోలేకపోతోంది. మనవడిని తీసుకుని యానాం వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి బల్ల మీద జరిగి, "తల నా ఒళ్ళో పెట్టమ్మా, కాళ్ళు మీ అక్క పట్టుకుంటుంది" అంది. ఎవరి పిల్లో అడగలేదు, ఏం జబ్బో అడగలేదు. కొంగుతో విసురుతూ కూర్చుంది. తన నంబరు పిలిచినప్పుడు మాత్రం లోపలికి చూసి, "ముందు ఈ పిల్లను చూడమ్మా, నా మనవడికి దగ్గే" అని కేకేసింది. ఆమె పేరు మాకు ఇప్పటికీ తెలియదు.

సుగుణమ్మ గారు చెల్లెలి నాడి చూసి, పొట్ట చూసి, పాదాల దగ్గర ఆగారు.

"పాప ఏం పని చేస్తుంది?" అని అడిగారు.

"ఐదో తరగతండి" అన్నారు నాన్నగారు.

"అది చదువండి. పని అడిగాను. చీలమండల మీద గజ్జెల రాపిడి ఉంది."

"పని కాదండి. కళ. హరికథలు చెబుతుంది."

"సరే, కళ. ఆ కళకు వెళ్ళే ముందు మందులేమైనా వాడారా?"

నాన్నగారు అమ్మ వైపు చూశారు. అమ్మ నా వైపు చూసింది. అప్పుడు నేను చెప్పాను. ఎన్ని అని అడిగారు. చెప్పలేకపోయాం. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. నర్సును పిలిచి ఏదో మందు పేరు చెప్పి, వెంటనే పెట్టమన్నారు. 

తరువాత వరండాలో నిలబెట్టి మాకు అర్థమయ్యేలా చెప్పారు. ఆ సూదుల్లోది స్టెరాయిడ్ అట; అలాంటిదాన్ని మన ఒళ్ళు తనంతట తానే రోజూ తయారు చేసుకుంటుందట. బయటి నుంచి పదే పదే వస్తుంటే, అవసరం లేదనుకుని తయారీ మానేస్తుందట. సూదులు ఒక్కసారిగా ఆగాయి, లోపలిది మొదలు కాలేదు. "అదే మందు మాత్రలుగా ఇచ్చి, మెల్లగా తగ్గిస్తూ ఒంటికి మళ్ళీ నేర్పాలి. నెలలు పడుతుంది. ఈలోగా చిన్న జ్వరం వచ్చినా ప్రాణం మీదికి రావచ్చు. ఈ రెండు మూడు రోజులు గడవనివ్వండి, మిగతాది మాట్లాడుకుందాం" అన్నారు.

ఆ మూడు రోజులూ నాకు వరుసగా గుర్తులేవు. వరండాలో ఫినాయిల్ వాసన, కుళాయి దగ్గర గిన్నెల చప్పుడు, అమ్మ పెదవులు కదులుతూ ఉండటం గుర్తున్నాయి. రెండో రోజు నేను నాన్నగారితో వాదించాను. తొమ్మిది తాంబూలాలు ఎందుకు పుచ్చుకున్నారు, గొంతు పోయినప్పుడు ఎందుకు ఆపలేదు, మందు పేరు ఎందుకు అడగలేదు అని, పోటీలో లాగే ఒకదాని మీద ఒకటి పేర్చి అడిగాను. ఆయన అంతా విన్నారు. చివరికి, "నువ్వూ పక్కనే ఉన్నావు కదమ్మా" అన్నారు.  

అమ్మ మాత్రం ఊరుకోలేదు. నాన్నగారు అలవాటుగా తాతగారి నియమం ఏదో ఎత్తబోతే, "మామయ్యగారి నియమాలు మామయ్యగారి గొంతుకు. నా పిల్ల గొంతుకు కాదు" అంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన మాటకు ఆమె ఎదురు చెప్పడం నేను చూడటం అదే మొదలు. ఆయన లేచి గట్టు వైపు వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మకు ఇడ్లీ పొట్లం తెచ్చి, పక్కన పెట్టి, దూరంగా కూర్చున్నారు.

నాలుగో రోజు శ్రీవల్లి చారన్నం అడిగింది.

ఎన్ని సూదులు, ఎన్నాళ్ళ వ్యవధిలో పడ్డాయో తెలిస్తే మందు తగ్గించే తీరు నిర్ణయించవచ్చునని సుగుణమ్మ గారు అన్నారు. మేము ఎక్కడా రాసుకోలేదు. కాని శ్రీవల్లికి గుర్తుంది. ఊళ్ళ పేర్లు దానికి సరిగా తెలియవు, ఏ కథకు ఏ పక్కన పొడిచారో తెలుసు. "కల్యాణం కథకు కుడి పక్కండి. స్వయంవరం కథకు ఎడమ పక్క. పట్టాభిషేకం కథ రోజు రెండు పక్కలా" అని వేళ్ళు మడుస్తూ చెప్పింది. డాక్టరు గారు అడ్డు రాకుండా రాసుకున్నారు. పదిహేడు దగ్గర చెల్లెలు ఆగి, "ఇంకోటి ఉందండి, కాని ఆ రోజు నేను ఏడవలేదు" అంది.

తరువాత ఫొటోలు తెమ్మన్నారు. కథ చెప్పిన ప్రతి ఊళ్ళోనూ కమిటీవాళ్ళు శాలువా కప్పి ఒక ఫొటో తీయించి ఇచ్చేవారు. నాన్నగారు ఊరికి వెళ్ళి ఆల్బం తెచ్చారు. సుగుణమ్మ గారు వాటిని విడదీసి, మంచం మీద దుప్పటి మీదే వరుసగా పేర్చారు. చవితి నుంచి కార్తీకం దాకా. అదే పావడా, అదే పూలదండ, అదే నవ్వు. ముఖం మాత్రం ఒక్కో ఫొటోకు ఉబ్బుతూ వచ్చింది. చివరి నాలుగింటిలో కళ్ళు సన్నబడి బుగ్గల్లోకి కూరుకుపోయాయి. నేనే రంగు వేసిన ముఖాలవి. వాటిలో అన్నిటికన్నా గుండ్రంగా ఉన్నదాన్ని అమ్మ పెద్దది చేయించి, అద్దం కట్టించి, అప్పటికే మా ముందు గదిలో వేలాడదీసింది. ఆమె ఆ ఫొటో గుర్తుపట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికి వెళ్ళాక ముందుగా చేసిన పని, దాన్ని దించడం. గోడ మీద ఆ మేకు ఇంకా అలాగే ఉంది.

తరువాతి నెలలన్నీ ఒకేలా గడిచాయి. పదిహేను రోజులకొకసారి రాజమండ్రి. అదే వరండా, అదే బల్ల. మాత్ర కొంచెం తగ్గించడం, పిల్ల వాడిపోవడం, మళ్ళీ ఆగడం. మాఘంలో జలుబు చేస్తే అందరం బెదిరిపోయి బస్సులో పరుగెత్తాం. కాలేజీలో వక్తృత్వ పోటీకి నా పేరు రాశారు. వెళ్ళలేదు. ఏ అంశం మీదైనా ఏ పక్షమైనా పట్టి నెగ్గగలనన్న గర్వం అలసిపోయింది, నాతో పాటే.

శ్రీరామనవమి కథకు ముందే పుచ్చుకున్న తాంబూలం ఒకటి ఉంది. దాన్ని తిరిగి ఇవ్వడానికి నాన్నగారు స్వయంగా వెళ్ళారు. మా ఇంట్లో ఎవరూ అంతవరకు చేయని పని. అక్కడి పెద్దమనిషి, "మీ నాన్నగారు నూట రెండు జ్వరంలో చెప్పారండి మాస్టారూ మా ఊళ్ళో" అన్నారట. "అవునండి" అని వచ్చేశానని నాన్నగారు అమ్మతో చెప్పారు. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

వేసవిలో నేను సుగుణమ్మ గారిని ఒక కోరిక కోరాను. ఇక కథలు చెప్పకూడదని కాగితం మీద రాసివ్వమన్నాను. చర్చలో ఒక పక్షం వదిలి రెండో పక్షానికి మారినంత తేలికగా మారాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి, "ఆ సంగతి పాపను అడిగావా?" అన్నారు.

లేదు. దాన్ని సాక్ష్యంగా చూపాను, దాని ముఖానికి రంగు వేశాను, దాని చేయి పట్టుకున్నాను. అడగలేదు. అప్పుడు ఆవిడే అడిగారు. శ్రీవల్లి గోళ్ళు చూసుకుంటూ, "చెప్తానండి. ఇంజక్షన్ లేకుండా" అంది.

ఆ రోజు ఆవిడ గంటసేపు మాతోనే కూర్చున్నారు. జ్వరానికి వైద్యం పుస్తకంలో దొరుకుతుంది, కథ చెప్పే పిల్లకు వైద్యం మీరు చెబితేనే నాకు తెలుస్తుంది అన్నారు. కథ ఎంతసేపు, ఎంతసేపు నిలబడుతుంది, ఏం తిని వెళ్తుంది, ముఖానికి ఏం పూస్తారు అని ప్రతిదీ అడిగారు. కథ ముగిసేదాకా ఉపవాసమని విని తల పట్టుకున్నారు. ఒక అట్టముక్క మీద తన చేతి రాతతో తెలుగులో రాసి ఇచ్చారు. ఈ పాప హరికథలు చెబుతుంది. ఖాళీ కడుపుతో వేదిక ఎక్కించకూడదు. అరగంటకు మించకూడదు. జ్వరమొస్తే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో రాసి, ఈ కార్డు చూడకుండా ఎవరూ ఏ ఇంజక్షనూ చేయకూడదని కింద గీత గీశారు. ఆఖరున, ఆపమని చెప్పే అధికారం ఎవరిది అని ఒక వరస మిగిలింది. నాది అన్నారు నాన్నగారు. నాది అన్నాను నేను. ఆవిడ మా ఇద్దరినీ చూసి, శ్రీవల్లి అని రాశారు.

ఈ కార్తీకంలో, మాత్రలు పూర్తిగా ఆపిన రెండు నెలలకు, సుగుణమ్మ గారు సరేనన్నాక, పెనుగొండ దగ్గర ఒక సత్రంలో చిన్న కథ ఒప్పుకున్నాం. అమ్మ దగ్గరుండి ఉప్మా తినిపించింది. కార్డు నా చేతి సంచిలో ఉంది. నేను రంగు పలచగా వేశాను. కల్యాణం కథే. ఇరవై నిమిషాలు బాగానే సాగింది. ఆ తరువాత ఒక పద్యం పై చరణంలో గొంతు పగిలింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ పగిలింది. ముందు వరసలోని నిర్వాహకుడు వంగి నాన్నగారి చెవి దగ్గర, "పక్క వీధిలోనే డాక్టరు గారున్నారండి. అయిదు నిమిషాలు ఏదైనా భజన చేయించండి, ఈలోగా…" అంటున్నాడు. నాన్నగారి వేళ్ళు హార్మోనియం మెట్ల మీదే ఆగిపోయాయి. నా గొంతులోకి వంద మాటలు వచ్చాయి. చెల్లెలు మా ఎవరి వైపూ చూడలేదు. చిడతలు దించింది.

"నా గొంతు అలిసిందండి. మిగతా కథ ఇంకోసారి చెప్తాను."

 ముందు కూర్చున్న ఒక మామ్మగారు, "పెళ్ళికూతురు మండపానికి వచ్చిందో లేదో అదొక్కటీ చెప్పి ఆపవే అమ్మా" అంది.

"ఇంకా జడ వేసుకుంటోందండి" అంది శ్రీవల్లి.

ఎవరో నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. నాన్నగారు నిర్వాహకుడితో మెల్లగా, "డాక్టరు గారొద్దండి" అన్నారు. అని, హార్మోనియం తిత్తి మళ్ళీ కదిపి, ఏనాడూ నలుగురిలో పాడని తన గొంతుతో మంగళం ఎత్తుకున్నారు. శ్రుతి సరిగా కలవలేదు. పెళ్ళికూతురు ఇంకా అద్దం ముందే ఉండగా మేము హారతి ఇచ్చేశాం.

లోపల గజ్జెలు విప్పుతుంటే చెల్లెలు నా భుజానికి తల ఆనించింది. ఒళ్ళు వేడిగా ఉందేమోనని చూశాను. లేదు.

"అక్కా, ఆపొచ్చు కదూ?" అంది.

"ఆపొచ్చు" అన్నాను.